ప్లగ్గులు మార్చాక బండి మిస్సింగ్ కొడుతోందా? చేయి పెట్టిన చోటి నుంచే వెతకండి

రామభద్రపురం మార్కెట్లో టమాటా ఎత్తుకుని తెల్లవారకముందే విజయనగరం దిగే చిన్న బళ్లలో ఒకటి ఈమధ్య గజపతినగరం దాటి వచ్చి నా షెడ్డు ముందు ఆగింది. ఆగింది అనే కంటే వణుకుతూ నిలబడింది అనాలి. స్టీరింగు దగ్గర నుంచి వెనక డాలా దాకా ఊగుతోంది. పై వరుస పెట్టెల్లో టమాటాలు కూడా కదులుతున్నాయి.

"నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది మేస్త్రీ. రాత్రి నేనే కొత్త ప్లగ్గులు వేశాను. అప్పటి నుంచి ఇదే గోల" అన్నాడు కుర్రవాడు. దారిలో ఒక షాపు తీయించి, ప్లగ్గుకు అధిక వోల్టేజి ఇచ్చే కాయిల్ కూడా కొత్తది కొన్నాడు. అది పెట్టెలోనే ఉంది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కడిగించాలని ఎవరో చెప్పారట, దానికీ సిద్ధపడి వచ్చాడు.

సీటు లేపి చూశాను. మూడో సిలిండర్ కాయిల్ మీద కనెక్టర్ కూర్చున్నట్టే ఉంది. వేలితో నొక్కితే టక్కుమంది. అంతే, వణుకు ఆగిపోయింది.

ప్లగ్గులు మార్చిన వెంటనే మొదలైన మిస్సింగ్‌కు, అంటే ఏదో సిలిండర్‌లో మంట సరిగా పడక వచ్చే కుదుపుకు, కారణం ప్లగ్గులు మార్చేటప్పుడు మన చేయి తగిలిన చోటే ఉంటుంది. నూటికి నూరుసార్లు అనను గానీ, నా దగ్గరకు వచ్చిన బళ్లలో చాలావాటికి ఇదే నిజమైంది. నిన్నటి దాకా బాగున్న పెట్రోలు పంపు, ఇంజెక్టరు, సెన్సారు మీరు ప్లగ్గు విప్పిన రాత్రే కలిసికట్టుగా చచ్చిపోవు. అందుకని డబ్బు ఖర్చుపెట్టే ముందు చేసిన పనిని వెనక నుంచి ముందుకు ఒక్కొక్కటిగా చూసుకుంటూ రావాలి. ఆ వరుసే ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఏ బళ్లకు

సాలూరు ఘాటీ ఎక్కి ఒడిశా వెళ్లే పెద్ద లారీలు దాదాపు అన్నీ డీజిలువి. వాటికి స్పార్క్ ప్లగ్గే ఉండదు, గాలిని నొక్కిన వేడికే డీజిలు అంటుకుంటుంది. కొన్ని డీజిలు ఇంజిన్లలో కనిపించే గ్లో ప్లగ్గు చలిలో స్టార్టింగ్ కోసం పెట్టినది, దాని కథ వేరు. డీజిలు లారీ తెచ్చి "ప్లగ్గులు మార్చండి" అన్నవాళ్లు కూడా నాకు తగిలారు, అందుకే ముందుగా చెబుతున్నాను.

ఇక్కడ చెప్పేది పెట్రోలుతోనో గ్యాసు(సీఎన్‌జీ)తోనో నడిచే చిన్న ట్రక్కుల గురించి. టాటా ఏస్ పెట్రోలు రకానికి 694 సీసీ ఇంజిన్, రెండు సిలిండర్లు. మారుతి సూపర్ క్యారీకి 1.2 లీటర్ల ఇంజిన్, నాలుగు సిలిండర్లు. ఈ లెక్క గుర్తుంచుకోవాలి. నాలుగింటిలో ఒకటి చచ్చిపోతే బండి వణుకుతూనే నడుస్తుంది. రెండింటిలో ఒకటి పోతే సగం బలం పోయినట్టే, బరువుతో కదలడమే కష్టం. రెండు బళ్లలోనూ ఇంజిన్ సీటు కిందే ఉంటుంది. కింది నుంచి దుమ్ము, బురద, వానాకాలం చిమ్మే నీళ్లు అన్నీ అక్కడికి చేరతాయి.

ఎప్పుడు మిస్ అవుతోంది?

పానా పట్టుకునే ముందు బండి చెప్పేది వినాలి. స్టార్ట్ చేసిన క్షణం నుంచే, ఐడిల్‌లోనే, అంటే ఎక్స్‌లేటర్ తొక్కకుండా ఉన్నప్పుడే, వణుకుతుంటే ఒక సిలిండర్ పూర్తిగా పనిచేయడం లేదని అర్థం. కనెక్టర్ ఎక్కలేదు, వైరు తారుమారైంది, ప్లగ్గు పగిలింది, చాలావరకు ఈ మూడింటిలో ఒకటి.

ఐడిల్‌లో నున్నగా ఉండి, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే దగ్గినట్టు కుదుపులు వస్తే కథ వేరు. ఎక్స్‌లేటర్ బాగా తొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఎంత ఒత్తిడి ఉంటే స్పార్క్ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. ప్లగ్గు కొసల మధ్య గ్యాప్ ఎక్కువైనా, దాని పింగాణీ మీద సన్నని పగులున్నా, ప్లగ్గు మీద తొడిగే రబ్బరు బూటు చిరిగినా ఆ వోల్టేజి దగ్గరి దారి చూసుకుని పక్కనున్న ఇనుముకు దూకేస్తుంది. లోపల స్పార్క్ పడదు.

గ్యాసు మీద మాత్రమే మిస్ అయి, పెట్రోలుకు మార్చగానే సర్దుకుంటే అదీ ఒక ఆధారమే. గ్యాసు అంటుకోవడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి కాబట్టి బలహీనమైన స్పార్క్ ముందు గ్యాసు మీదే బయటపడుతుంది. సూపర్ క్యారీ గ్యాసు రకంలో 5 లీటర్ల చిన్న పెట్రోలు ట్యాంకు ఉంటుంది. చాలామంది దాన్ని ఎండబెట్టేస్తారు. ఇలాంటి పరీక్షకైనా అందులో కాస్త పెట్రోలు ఉండాలి.

డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ లైటు ఆగకుండా వెలుగుతుంటే మెల్లగా ఇంటికి చేరవచ్చు. అదే మిణుకు మిణుకుమంటుంటే ఎక్స్‌లేటర్ మీద నుంచి కాలు తీసేయండి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతోందని ఆ మిణుకు చెబుతోంది. కన్వర్టర్ పోతే దాని ఖరీదు ముందు ప్లగ్గుల ఖరీదు లెక్కలోకి రాదు.

మొదటి పని: ఏదీ విప్పకుండా, చేత్తోనూ కంటితోనూ

బండి ఆపి, తాళం తీసి, ఇంజిన్ చల్లారనివ్వండి. సీటు లేపి మంచి టార్చి వేసుకోండి. ఫోనుతో నాలుగైదు ఫోటోలు తీసి పెట్టుకోండి, తర్వాత ఏ వైరు ఎక్కడిదో అని తల గోక్కునే పని ఉండదు.

కాయిళ్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా మొదలు దగ్గర పట్టుకుని లోపలికి నొక్కండి. లాక్ పడిన చప్పుడు రావాలి. తర్వాత మెల్లగా వెనక్కు లాగి చూడండి, ఊడి రాకూడదు. ప్లాస్టిక్ లాక్ విరిగిపోయి ఉంటే కనెక్టర్ ఇప్పుడు కూర్చుంటుంది, మొదటి గతుకులో లేస్తుంది. తాత్కాలికంగా ప్లాస్టిక్ టై వేసి బిగించవచ్చు గానీ, కొత్త కనెక్టర్ వేయించుకోవడమే దారి. కనెక్టర్ లోపలి పిన్నులు కూడా చూడండి. బలవంతంగా తోసినప్పుడు ఒక పిన్ను వెనక్కు పోయి ఉంటుంది, పైకి మాత్రం అంతా సరిగానే కనిపిస్తుంది. భోగాపురం, కళింగపట్నం వంటి తీరం దగ్గర ఊళ్లలో తిరిగే బళ్ల పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టడం మామూలే. దాన్ని కాంటాక్ట్ క్లీనర్‌తో కడగాలి. ఉప్పుకాగితంతో గీకవద్దు.

ఆ తర్వాత గాలి దారి. ప్లగ్గు దగ్గరికి చేయి పోవడానికి ఎయిర్ ఫిల్టర్ గొట్టం విప్పి ఉంటారు. తిరిగి పెట్టినప్పుడు క్లిప్పు సరిగా పడిందా? పక్కనున్న సన్నని వ్యాక్యూమ్ పైపు మోచేయి తగిలి ఊడిందా? ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఎక్కడైనా 'స్‌స్' మని గాలి పీల్చే చప్పుడు వస్తోందా? అడుగు పొడవున్న రబ్బరు గొట్టం ముక్క ఒక కొస చెవి దగ్గర, రెండో కొస అనుమానం ఉన్న చోట పెడితే ఆ చప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. ఫ్యాను, బెల్టుల వైపు మాత్రం చేయి పోనివ్వవద్దు. లెక్కలో లేని గాలి లోపలికి పోతే మిశ్రమం పలచబడి ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాన్ని చూసి ప్లగ్గుల తప్పని పొరబడతాం.

బ్యాటరీ తీగ విప్పి పెట్టి ఉంటే బిగించిన కొద్ది నిమిషాలు ఐడిల్ కాస్త పైకీ కిందకీ ఊగవచ్చు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ తన లెక్కలు మళ్లీ నేర్చుకుంటోందన్నమాట. ఇరవై ముప్పై కిలోమీటర్లు తిరిగాక కూడా అలాగే ఉంటేనే అనుమానించండి.

కాయిల్ వైర్లు ఉన్న బళ్లకు ఒక ముఖ్యమైన మాట

కొన్ని ఇంజిన్లలో ప్రతి ప్లగ్గు మీదా ఒక కాయిల్ కూర్చుంటుంది. మరికొన్నింటిలో ఒకే కాయిల్ రెండు ప్లగ్గులకు కలిపి స్పార్క్ ఇస్తుంది, పొడవాటి నల్ల వైర్లు ఉంటాయి. ఆ వైర్లు తారుమారైతే మిస్సింగ్ ఖాయం. నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో సాధారణంగా మంటపడే వరుస 1-3-4-2. జంట కాయిల్ ఉన్నచోట 1, 4 ఒక జత. 2, 3 ఇంకో జత. జతలో రెండింటికీ ఒకేసారి స్పార్క్ వస్తుంది కాబట్టి 1, 4 వైర్లు ఒకదాని స్థానంలో మరొకటి పెట్టినా ఇంజిన్ ఏమీ అనదు. 1, 2 మార్చి పెడితే మాత్రం ఇంజిన్ వెనక్కు తన్నుతుంది, సైలెన్సర్‌లో ఢాంఢామ్మంటుంది. "నేను వైర్లు మార్చినా ఏమీ కాలేదే" అని వాదించే వాళ్లకు ఆ రోజు అదృష్టం ఏ జతలో పడిందో తెలియదు. ఇకముందు విప్పే ముందే వైర్ల మీద తెల్ల టేపు ముక్కలు అంటించి అంకెలు రాసుకోండి.

రెండో పని: ఏ సిలిండర్?

బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ ఉంటే ఇది రెండు నిమిషాల పని. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్లు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి. పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ అవుతోంది, పీ0302 అంటే రెండోది, అలా వరుసగా. పీ0300 వస్తే ఒక్కటి కాదు, అక్కడా ఇక్కడా మిస్ అవుతోంది. అప్పుడు గాలి లీకు, తప్పు నంబరు ప్లగ్గులు, పెట్రోలు ఒత్తిడి వంటి అన్నింటికీ ఉమ్మడి కారణాలు వెతకాలి. పీ0351 మొదలు వచ్చే కోడ్‌లు కాయిల్ కరెంటు దారికి సంబంధించినవి. అలాంటిది కనిపిస్తే ముందు కనెక్టర్, ఆ తర్వాత కాయిల్ చూడండి.

స్కానర్ లేకపోతే పాత పద్ధతి ఉంది, కానీ పాతకాలం వాళ్లు చేసినట్టు మాత్రం వద్దు. నడుస్తున్న ఇంజిన్ మీద ప్లగ్గు వైరు చేత్తో లాగి చూడటం నేనూ కుర్రతనంలో చేశాను. ఈనాటి కాయిళ్లలో ఇరవై నుంచి నలభై వేల వోల్టుల దాకా పుడుతుంది. అది మనిషికి ప్రమాదం, కంప్యూటర్‌లో కాయిల్‌ను నడిపే భాగానికీ ప్రమాదమే. దాని బదులు ఇంజిన్ ఆపి ఒక ఇంజెక్టర్ కనెక్టర్ తీయండి. స్టార్ట్ చేసి ఐడిల్ వినండి. మంచి సిలిండర్ ఆగిపోతే వణుకు ఇంకా పెరుగుతుంది. ఏ సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ తీసినప్పుడు తేడా తెలియదో దొంగ అక్కడే ఉన్నాడు. ఇంజెక్టర్ కనెక్టర్ తీయడం వల్ల పెట్రోలు కూడా ఆగుతుంది, కన్వర్టర్‌కు హాని ఉండదు. ఒక్కో పరీక్ష అర నిమిషం చాలు. తర్వాత కోడ్‌లు చెరిపేసుకోండి.

మూడో పని: దొంగను వేరే ఇంటికి మార్చండి

కొత్త సామాను కొనకుండానే సగం చిక్కు విడదీసే పద్ధతి ఇది. ఉదాహరణకు మూడో సిలిండర్ మిస్ అవుతోంది. మూడో కాయిల్‌ను రెండో దాని మీదికి, రెండో దాన్ని మూడో దాని మీదికి మార్చండి. కోడ్ చెరిపి బండి నడపండి. ఇప్పుడు రెండోది మిస్ అయితే తప్పు కాయిల్‌ది. మూడోదే మిస్ అవుతుంటే కాయిల్ మంచిదే. ఈసారి ప్లగ్గు మార్చి చూడండి. తప్పు ప్లగ్గుతో పాటు కదిలితే ప్లగ్గుదే. రెండూ మార్చినా మూడో దగ్గరే ఉంటే ఇంజెక్టర్, వైరింగు, కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కుడు ఒత్తిడి) వైపు వెళ్లాలి.

ఒకే సమయంలో రెండూ మార్చవద్దు. తొందరపడి కాయిల్‌తో పాటు ప్లగ్గునూ మార్చేస్తే, తప్పు కదిలినా దేనితో కదిలిందో చెప్పలేం.

నాలుగో పని: ప్లగ్గు విప్పి చదవడం

విప్పే ముందు ప్లగ్గు గుంటలో గాలి కొట్టండి. సీటు కింద ఇంజిన్ కాబట్టి ఆ గుంటలో ఇసుక, ఎండుటాకుల పొడి, ఒకసారైతే మినప్పప్పు గింజ కూడా చూశాను. ప్లగ్గు విప్పగానే అవన్నీ సిలిండర్‌లోకి జారతాయి. ప్లగ్గులు బిగించే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డు, అల్యూమినియంది, వేడి మీద విప్పితే థ్రెడ్లు చెడిపోతాయి. చేయి ఆనించగలిగేంత చల్లారాకే విప్పండి.

బయటికి వచ్చిన ప్లగ్గును పగటి వెలుతురులో పట్టుకుని పింగాణీని నెమ్మదిగా తిప్పి చూడండి. ఇనుప భాగం పైన పింగాణీ చుట్టూ గోధుమరంగు పట్టీ ఉంటే కంగారు పడవద్దు. అధిక వోల్టేజికి గాల్లోని నూనె, దుమ్ము అక్కడ అంటుకుని వచ్చిన మరక అది, వాడిన ప్లగ్గులకు మామూలే. దాన్ని చూసి "లీకు" అని కొత్త ప్లగ్గులు పారేసిన వాళ్లున్నారు. చూడవలసింది దానికి అడ్డంగా, పై నుంచి కిందకు దిగే సన్నని నల్లటి గీత. పెన్సిలుతో గీసినట్టుంటుంది. స్పార్క్ లోపలికి పోకుండా పింగాణీ మీదుగా ఇనుముకు దిగిందని గుర్తు. దాని జోడు గీత రబ్బరు బూటు లోపల కూడా ఉంటుంది. ఆ ప్లగ్గుతో పాటు ఆ బూటు కూడా మార్చాలి. ఒకదాన్ని వదిలేస్తే అది రెండోదాన్ని కూడా పాడుచేస్తుంది.

తర్వాత గోరుతో పింగాణీ మీద గీసి చూడండి. వెంట్రుక మందం పగులు కంటికి కనిపించకపోయినా గోటికి తగులుతుంది. ప్లగ్గు పానా వంకరగా పెట్టి బలవంతం చేస్తే ఈ పగులు వస్తుంది. ప్లగ్గు నేల మీద పడినా వస్తుంది. కింద పడిన ప్లగ్గును పైకి బాగుందని వేయకండి. పగులు లేకపోయినా గ్యాప్ నొక్కుకుపోయి ఉంటుంది.

ఇప్పుడు తల మీదికి రండి. నన్ను ఒకసారి మూడు గంటలు ఏడిపించినది ఈ తలే. కొన్ని ప్లగ్గులకు కొసన ఉండే చిన్న గుండ్రటి టోపీ మర మీద ఎక్కించి ఉంటుంది. కొత్త ప్లగ్గుకు అది సగం చుట్టు వదులుగా వచ్చింది. కాయిల్ బూటు పట్టింది, కనెక్టర్ ఎక్కింది, గ్యాప్ సరిపోయింది, అయినా బండి దగ్గుతూనే ఉంది. చివరికి విసుగుతో ప్లగ్గును వేళ్ల మధ్య తిప్పుతుంటే టోపీ కదిలింది. కటింగ్ ప్లయరుతో సుతారంగా బిగించాక మళ్లీ మాట్లాడలేదు. అప్పటి నుంచి కొత్త ప్లగ్గు పెట్టెలోంచి తీయగానే ముందు టోపీని తిప్పి చూడటం నా అలవాటు. మీ బండి బూటుకు టోపీ ఉన్న ప్లగ్గు కావాలా, లేనిదా అనేది పాత ప్లగ్గు పక్కన పెట్టి చూడండి.

కింది కొస రంగు కూడా మాట్లాడుతుంది. లేత గోధుమ లేదా బూడిద రంగుంటే మంట బాగా పడుతోంది. పెట్రోలుతో తడిసి వాసన వస్తుంటే స్పార్క్ పడటం లేదు. నూనె జిడ్డుతో నల్లగా ఉంటే ఇంజిన్ లోపలి నూనె పైకి వస్తోంది, కొత్త ప్లగ్గు ఆ జబ్బును కొన్నాళ్లే దాస్తుంది. గింజల్లా తెల్లటి బొబ్బలుంటే వేడి ఎక్కువైంది. అయితే ఒక రాత్రి నడిచిన ప్లగ్గు పెద్దగా ఏమీ చెప్పదు. పారేయని పాత ప్లగ్గులే ఎక్కువ చెబుతాయి.

ఐదో పని: నంబరు, గ్యాప్

షాపులో "అదే సైజు, వేసేయండి" అంటే ఒప్పుకోవద్దు. థ్రెడ్డు మందం 10, 12, 14 మిల్లీమీటర్లలో ఏదైనా కావచ్చు. పొడవు కూడా 19 నుంచి 26.5 మిల్లీమీటర్ల దాకా తేడా ఉంటుంది. పొడవు ఎక్కువైతే పిస్టన్‌కు తగిలే ప్రమాదం, తక్కువైతే హెడ్డులో ఖాళీ మిగిలిన థ్రెడ్ల మీద మసి పేరుకుంటుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఉష్ణోగ్రత నంబరు విషయంలో బ్రాండును బట్టి లెక్క తలకిందులవుతుంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో అంకె పెద్దదైతే ప్లగ్గు చల్లటిది, అంటే తన వేడిని త్వరగా హెడ్డుకు వదిలేది. బోష్‌లో అంకె పెద్దదైతే వేడిది. ఒక బ్రాండు అంకె చూసి రెండో బ్రాండులో అదే అంకె అడిగితే తప్పుది చేతికొస్తుంది. చల్లటి ప్లగ్గు చిన్న చిన్న తిరుగుళ్లకు మసి పట్టి మిస్ అవుతుంది, మరీ వేడిది బరువుతో ఘాటీ ఎక్కేటప్పుడు ముందే మంట పెట్టేస్తుంది. ఎన్‌జీకే నంబరులో ఆర్ అనే అక్షరం ప్లగ్గు లోపల రెసిస్టర్ ఉందని చెబుతుంది. రెసిస్టర్ లేనిది వేస్తే పుట్టే విద్యుత్ గోలకు సెన్సార్ సంకేతాలు చెదిరి, కంప్యూటర్ తికమకపడి, నిజంగా మిస్ అయినట్టే ప్రవర్తిస్తుంది.

గ్యాప్ కొలిచి వేయండి. పెట్టె మీద గ్యాప్ సిద్ధం అని రాసి ఉన్నా కొలవండి, రవాణాలో దెబ్బలు తింటుంది. చాలా పెట్రోలు ఇంజిన్లకు ఇది 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. గ్యాసు బళ్లకు కాస్త తక్కువ పెడతారు. మీ బండికి ఎంతో యజమాని పుస్తకంలో ఉంటుంది, ఆ మాటే చివరి మాట. సవరించాలంటే పైన వంగి ఉన్న కొసను మాత్రమే కదపాలి. ఇరిడియం, ప్లాటినం ప్లగ్గుల మధ్య కొస సూదిలా సన్నగా ఉంటుంది, దానికి గేజ్ ఆనించి తోస్తే విరుగుతుంది. అలాంటి వాటికి గుండ్రటి తీగ గేజ్ వాడండి.

నకిలీ ప్లగ్గుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అచ్చు మసకగా ఉన్నా, కొస మధ్యలో కాకుండా పక్కకు ఒరిగి ఉన్నా, వాషరు వేళ్లతోనే ఊడి వచ్చినా తిరిగి ఇచ్చేయండి. సగం ధరకు దొరికిందంటే ముందే అనుమానించండి.

ఆరో పని: బూటు, గుంట, వైరు

కాయిల్ కింద వేలాడే రబ్బరు గొట్టం లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. పాత ప్లగ్గు లాగినప్పుడు అది ప్లగ్గుతో పాటు ఊడి వచ్చి, పాత ప్లగ్గుల డబ్బాలో పడి ఉంటుంది. చూసుకోండి. స్ప్రింగు లేకపోయినా, వంగినా, తుప్పు పట్టినా కరెంటు దూకుతూ పోతుంది. రబ్బరును చీకటిలో టార్చి వేసి లోపల చూడండి. సూది బెజ్జం చాలు స్పార్క్ పారిపోవడానికి.

గుంటలో నూనె నిలిచి ఉంటే హెడ్డు మూత కింద ప్లగ్గు గొట్టం చుట్టూ ఉండే రబ్బరు సీలు పోయింది. ఆ నూనెలో బూటు నాని ఉబ్బుతుంది. సీలు మార్చకుండా కొత్త ప్లగ్గులు వేయడం, కప్పు కారుతున్న ఇంట్లో చాప మార్చడం లాంటిది. నీళ్లు ఉంటే వాటర్ సర్వీసు వల్లో, తుఫాను వానల వల్లో వచ్చి ఉంటాయి. గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టండి. బూటు లోపలి అంచుకు సిలికాన్ గ్రీజు పల్చగా పూస్తే నీళ్లు లోపలికి పోవు. మామూలు చక్రాల గ్రీజు పెట్టకండి, రబ్బరు పాడవుతుంది.

పొడవాటి వైర్లుంటే మల్టీమీటరుతో రెసిస్టెన్స్ కొలవండి. నాలుగింటిలో ఒకటి మిగతా వాటి కంటే చాలా ఎక్కువ చూపినా, అసలు చూపకపోయినా అదే తప్పు. వైరు లాగేటప్పుడు బూటు పట్టి లాగకుండా మధ్యలో పట్టి గుంజితే లోపలి తీగ తెగుతుంది, పైకి ఏమీ తెలియదు.

ఏడో పని: తిరిగి బిగించడం

థ్రెడ్లు పొడిగా, శుభ్రంగా ఉండాలి. ప్లగ్గును రబ్బరు గొట్టం ముక్కకు గుచ్చి వేళ్లతోనే తిప్పుతూ ఎక్కించండి. మర వంకరగా పడితే రబ్బరు చేతిలోనే జారిపోతుంది, పానా మాత్రం దాన్ని బలవంతంగా లోపలికి తోసి హెడ్డు థ్రెడ్లను కోసేస్తుంది. వేళ్లతో చివరి దాకా వెళ్లాకే పానా.

టార్క్ పానా ఉంటే అల్యూమినియం హెడ్డులో వాషరు ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల దానికి 15 నుంచి 20, 10 మిల్లీమీటర్ల దానికి 10 నుంచి 12. పానా లేకపోతే కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గును వాషరు ఆనాక సగం చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పాలి. అదే వాషరుతో పాత ప్లగ్గు మళ్లీ వేస్తుంటే పన్నెండో వంతు చుట్టు చాలు, వాషరు అప్పటికే నొక్కుకుపోయి ఉంటుంది. వదులైతే ప్లగ్గు తన వేడిని హెడ్డుకు ఇవ్వలేక ఎర్రబడుతుంది, 'చిక్ చిక్' మని గ్యాసు కక్కుతుంది. ఎక్కువ బిగిస్తే లోపల పింగాణీ నలుగుతుంది. పూత ఉన్న ప్లగ్గుల థ్రెడ్లకు నూనె, గ్రీజు రాయవద్దు. జారుడు వల్ల అదే బలానికి ఎక్కువ బిగుసుకుంటుంది.

ఎనిమిదో పని: రోడ్డు మీద చూడటం

కోడ్‌లు చెరిపి, ఐడిల్‌లో పది నిమిషాలు ఉంచి, రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగే దాకా వేడెక్కనివ్వండి. వేడెక్కాకే మిస్సయ్యే కాయిళ్లున్నాయి. తర్వాత ఖాళీ బండితో కాదు, బరువుతో నడపండి. రైల్వే పైవంతెన మీదికి ఎక్కేటప్పుడు మూడో గేరులో తక్కువ వేగంతో ఎక్స్‌లేటర్ నిదానంగా తొక్కండి. అప్పుడు కుదుపు రాకపోతే స్పార్క్ సంగతి తేలిపోయినట్టే. గ్యాసు బండైతే రెండింటి మీదా ఒకసారి.

ఇంత చేసినా పోకపోతే

పాత ప్లగ్గులు పారేయకూడదని ఇందుకే అంటాను. అవే తిరిగి వేసి చూడండి. మిస్సింగ్ పోతే కొత్త ప్లగ్గులు పనికిరానివి, బిల్లు పట్టుకుని షాపుకు వెళ్లండి. పోకపోతే ప్లగ్గులకూ దీనికీ సంబంధం లేదు.

అప్పుడు కంప్రెషన్ కొలిపించాలి. ఒక సిలిండర్ మిగతా వాటి కంటే బాగా తక్కువ చూపితే, ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిలు పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు. ఏళ్ల తరబడి గ్యాసు మీదే తిరిగిన బళ్లలో వాల్వు సీట్లు త్వరగా అరిగి టాపెట్ గ్యాప్ (వాల్వు మీద వదిలే చిన్న ఖాళీ) తగ్గిపోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు. అలాంటి బండి చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మిస్ అవుతుంది. టాపెట్ సరిచేయించడం తెలిసినవాళ్ల పని, మీరు చేయి పెట్టవద్దు. కంప్రెషన్ బాగుంటే ఇంజెక్టర్, పెట్రోలు ఒత్తిడి, గ్యాసు ఫిల్టర్ మిగులుతాయి.

టమాటా బండి కుర్రవాడు ఇంజిన్ కుదుటపడ్డాక పెట్టెలోని కాయిల్ వైపు చూశాడు. తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు గానీ, కరెంటు సామాను ఒకసారి అమ్మాక ఏ షాపూ వెనక్కు తీసుకోదు. అది ఇప్పటికీ ఆ బండి సీటు వెనక, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా తిరుగుతోంది.